ఎవరూ దూరని పెట్టెకు ఎన్ని తలుపులో!

కంటైనర్ల గురించి మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు చెప్పే మొదటి మాట: దాని లోపలికి ఎవరూ వెళ్లరండీ. రెండో మాట: రాత్రి ప్రొడక్షన్‌లో గొడవైతే లోపలికి వెళ్లి సర్దేసొచ్చానండీ. ఈ రెండు మాటలకీ మధ్య టీ గుక్క మింగేంత వ్యవధి కూడా ఇవ్వరు. మా పొదిలి బస్టాండు దగ్గర టీ కొట్లో అడిగినా ఇదే జవాబు, డాలస్‌లో ఇండియన్ గ్రోసరీ షాపు ముందు అడిగినా ఇదే జవాబు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

ఆ రొయ్యల లెక్క రాసే పని ఒక ఏపీఐకి, అంటే ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రామును పని అడిగే కిటికీకి, అప్పగించారు. కంటైనర్ లోపలికి కన్సోల్ తెరిచిపెట్టే ఏపీఐ అది. దాన్ని తయారుచేసినవాళ్ల అవస్థ చూస్తే నవ్వొస్తుంది, దాన్ని నమ్ముకున్నవాళ్ల ధీమా చూస్తే భయమేస్తుంది.

తెలియనివాళ్లకు నాలుగు ముక్కలు. ప్రోగ్రామునూ, అది నడవడానికి కావలసిన సరంజామానూ కలిపి ఒకే పెట్టెలో సర్ది, ఏ కంప్యూటర్ మీద దించినా ఒకేలా నడిచేట్టు చేస్తే అది కంటైనర్. 2013 మార్చిలో డాకర్ ఈ పెట్టెను జనానికి చూపించింది. ఏడాది తిరిగేసరికి, 2014 జూన్‌లో, వేల పెట్టెల్ని ఒక్కచోటి నుంచి ఆడించే కుబెర్నెటిస్‌ను గూగుల్ బయటపెట్టింది. అప్పట్నుంచి బ్యాంకులు, టికెట్లమ్మే యాప్‌లు, బిర్యానీ తెచ్చే యాప్‌లు ఒకదాని వెనక ఒకటి పెట్టెల్లోకి చేరిపోయాయి. పెట్టెతోపాటే ఒక సిద్ధాంతమూ దిగింది. పెట్టెను ఒకసారి కట్టాక ముట్టుకోకూడదు. తప్పుంటే లోపలికి వెళ్లి దిద్దకూడదు. పెట్టెను పారేసి, మూలంలో దిద్ది, కొత్తది దించాలి. లోపల చేత్తో దిద్దింది ఎలాగూ నిలవదు. మార్కాపురం పలక మీద రాత అది, పాత పెట్టె పోయి కొత్తది రాగానే తుడిచిపెట్టుకుపోతుంది.

సిద్ధాంతం మంచిదే. దాన్ని పాటిస్తున్నామని చెప్పుకోవడంలోనే ఉంది తమాషా అంతా.

దీనికి వాళ్లు చెప్పే ఉపమానం ఒకటుంది. సర్వర్లను పెంపుడు జంతువుల్లా చూడకండి, పశువుల్లా చూడండి అంటారు. పెంపుడు కుక్కకైతే పేరు పెడతారు, జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికి మోసుకెళ్తారు; పశువుకు నంబరేస్తారు, జబ్బు చేస్తే తీసేసి ఇంకోటి తెస్తారు. ఇదీ తర్కం. ఈ మాట ప్రకాశం జిల్లాలో ఎవరైనా మైకులో చెప్పి క్షేమంగా ఊరు దాటితే నేను కాలమ్ రాయడం మానేస్తాను. ఒంగోలు గిత్తకు ఇక్కడ పేరుంటుంది, పేరుతోపాటు పొగరూ ఉంటుంది. బండలాగుడు పోటీల ఫ్లెక్సీ మీద యజమాని ఫోటో కన్నా ఎడ్ల జత ఫోటో పెద్దగా ఉంటుంది. దాని మేతకు అయ్యే ఖర్చు గురించి ఇంట్లో ఆడవాళ్లు సణిగినా, దానికి దగ్గొస్తే ముందు లేచేది వాళ్లే. ఈ జాతిని బ్రెజిల్ తీసుకెళ్లి నెలోర్ అని పేరు పెట్టుకున్నారు. ఆ నెలోర్ ఆవు వియాటినా-19, 2023లో 40 లక్షల డాలర్లకు పైగా ధర పలికి గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. జబ్బు చేస్తే తీసేసి ఇంకోటి తెచ్చుకోండని దాని యజమానులకు చెప్పి రండి, చూద్దాం.

నిజానికి ఉపమానం చెప్పినవాళ్లూ పేర్లు పెట్టుకోకుండా ఉండలేకపోయారు. డేటాబేసు లాంటివి నంబరు పశువుల్లా బతకవని తేలాక, 2016లో కుబెర్నెటిస్‌లోనే పెట్‌సెట్ అనే ఏర్పాటు పెట్టారు. పెంపుడు మంద అన్నమాట. సిద్ధాంతం బజార్న పడుతోందని తోచిందేమో, ఆ ఏడాది చివరికే పేరు మార్చి స్టేట్‌ఫుల్‌సెట్ అన్నారు. పేరు మారింది గానీ పెంపకం మానలేదు. రాత్రి రెండింటికి పేమెంట్లు ఆగిపోతే, కాల్‌లో ఉన్న ఇరవై మందిలో 'పారేసి ఇంకోటి తెద్దాం' అని ఊరుకునేవాడు ఒక్కడూ ఉండడు. 'ముందు లోపలికెళ్లి చూడు బాబూ' అనేవాళ్లే అందరూ.

మరి ఎవరూ వెళ్లని పెట్టెకు తలుపులెన్ని?

డాకర్‌లో అటాచ్ ఒకటి, ఎగ్జెక్ ఒకటి. అటాచ్ అంటే లోపల నడుస్తున్న అసలు ప్రోగ్రాము నోటికే మీ నోరు కలపడం. ఎగ్జెక్ అంటే లోపల ఇంకో ప్రోగ్రాము, మామూలుగా కమాండులు టైపు చేసే షెల్, కొత్తగా మొదలుపెట్టడం. తేడా తెలియక అటాచ్ చేసి, బయటికి రావడానికి అలవాటుగా కంట్రోల్-సీ నొక్కినవాడి వేలు చాలాసార్లు అసలు ప్రోగ్రాము పీక మీదే పడుతుంది. పలకరించడానికి వెళ్లినవాడు చంపి వస్తాడు. క్షేమంగా రావాలంటే కంట్రోల్-పీ, ఆ వెంటనే కంట్రోల్-క్యూ నొక్కాలి. ఇది ఎవరికి తడుతుంది? పైగా షెల్‌లో కంట్రోల్-పీకి ముందే ఒక ఉద్యోగం ఉంది, ఇందాక టైపు చేసిన కమాండును వెనక్కి తేవడం. డాకర్ ఆ కీని మధ్యలో పట్టుకుని, వెనకాల క్యూ వస్తుందా రాదా అని ఎదురుచూస్తూ కూర్చుంటుంది. అందుకే అక్కడ ఒకసారి నొక్కితే పలకదు, రెండోసారి నొక్కితే గానీ ఉలకదు. పాపం, దీనికి కీబోర్డును తిట్టుకున్నవాళ్లెందరో.

ఇంతకన్నా ముందే వర్చువల్ మెషీన్ల కోసం ఓపెన్‌స్టాక్ వాళ్లు ఈ తిరునాళ్ల చూసేశారు. 2010లో నాసా, రాక్‌స్పేస్ కలిసి మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. అందులో నోవా అనే విభాగాన్ని కన్సోల్ అడగాలంటే వీఎన్‌సీకి ఒక కాల్, స్పైస్‌కు ఒకటి, ఆర్‌డీపీకి ఒకటి, సీరియల్‌కు ఇంకొకటి. నాలుగూ చేసేది ఒకే పని, ఒక లింకు చేతిలో పెట్టడం. 2015లో వచ్చిన లిబర్టీ విడుదలలో బుద్ధొచ్చి నాలుగింటినీ రిమోట్-కన్సోల్స్ అనే ఒక్క కాల్‌లోకి మడిచారు. ఆ లింకులో టోకెన్ ఉంటుంది. ఎవరూ అమరిక మార్చకపోతే 600 సెకన్లు చెల్లుతుంది. ఆ పది నిమిషాలూ లింకు ఎవరి వాట్సాప్‌లో ఉంటే వాడే దొర. అదే ఏడాది మార్చిలో ఇంకో సంగతి బయటపడింది. ఆ కన్సోల్ వెబ్‌సాకెట్, తనను పిలుస్తున్నది ఏ సైటో అడగడమే లేదు. సీవీఈ-2015-0259 అని దానికో నంబరు వేశారు. కన్సోల్ తెరుచుకున్న బ్రౌజరులోనే ఇంకో పాడు పేజీ తెరిస్తే, ఆ పేజీ మీ కన్సోల్‌ను లాక్కోవచ్చన్నమాట. 2016లో కంటైనర్ల కోసమే ఆ ఇంటివాళ్లు జున్ అనే ప్రాజెక్టు పెట్టారు. దానికీ ఒక వెబ్‌సాకెట్ ప్రాక్సీ, దానికీ ఒక టోకెన్. పాత కాపురమే, కొత్త వాటా.

ఎందుకిన్ని తంటాలంటే, వెబ్ ఏపీఐకి ఒక అలవాటుంది. అడగాలి, జవాబు తీసుకోవాలి, వెళ్లిపోవాలి. కన్సోల్ అలా వెళ్లిపోయే రకం కాదు. తలుపు తీశాక గంటల తరబడి రెండువైపులా అక్షరాలు పారుతూనే ఉండాలి. డాకర్ ఈ చిక్కును ఎలా విప్పిందంటే, మర్యాదగా హెచ్‌టీటీపీతో మొదలుపెట్టి నడిమధ్యలో ఆ లైన్నే హైజాక్ చేస్తుంది. ఇది నేను అంటించిన మాట అనుకునేరు, వాళ్ల పత్రాల్లోనే హైజాక్ అని రాసుకున్నారు. టెర్మినల్ అడక్కపోతే, మామూలు మాటలూ తప్పుల మాటలూ కలిసిపోకుండా ప్రతి ముక్క ముందూ ఎనిమిది బైట్ల చీటీ అంటిస్తుంది. మొదటి బైటు ఇది ఏ ప్రవాహమో చెబుతుంది, చివరి నాలుగు బైట్లు ముక్క పొడవు చెబుతాయి. టెర్మినల్ అడిగితే చీటీలుండవు, అంతా కలగాపులగంగా వస్తుంది. ఈ సంగతి చదవకుండా క్లయింటు రాసినవాడి స్క్రీన్ మీద ప్రతి లైను ముందూ చిత్రమైన గుర్తులు మొలుస్తాయి. వాడు వాటిని వైరస్ అనుకుని అమ్మకు ఫోన్ చేస్తాడు.

కుబెర్నెటిస్ వాళ్ల కథ మరీ బాగుంటుంది. ఈ పనికి స్పీడీ అనే ప్రోటోకాల్‌ను పట్టుకున్నారు. గూగుల్ దాన్ని 2009లో ప్రకటించింది. 2015లో హెచ్‌టీటీపీ-2 ప్రమాణం రాగానే దానికి పని లేకుండా పోయింది, 2016లో గూగుల్ తన క్రోమ్ నుంచే తీసేసింది. కుబెర్నెటిస్ కన్సోల్ మాత్రం పోయినదానికి ఏటేటా తద్దినం పెడుతూనే వచ్చింది. కుబెర్నెటిస్‌కు కమాండులిచ్చే కూబ్‌కటిల్ మామూలుగా వెబ్‌సాకెట్‌తో మాట్లాడటం మొదలుపెట్టింది 2024 ఆగస్టులో వచ్చిన 1.31 నుంచి. మధ్యలో ఉన్న ప్రాక్సీలకు ఆ పాత భాష అర్థంకాక లైను తెంపేస్తే, డెవలపర్ నెట్‌వర్క్ టీమ్‌ను తిట్టేవాడు, నెట్‌వర్క్ టీమ్ సెక్యూరిటీ టీమ్‌ను తిట్టేది, సెక్యూరిటీ టీమ్ 'అసలు కంటైనర్‌లోకి ఎందుకెళ్తున్నారు' అని ఎదురు మెయిల్ పెట్టేది. ఆ మెయిల్‌కు జవాబు రాసినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

వెబ్‌సాకెట్ దారిలో ఇంకో చోద్యం దాగుంది. వెబ్‌సాకెట్ ఎప్పుడూ గెట్‌తోనే మొదలవ్వాలని 2011 నాటి ప్రమాణం. కుబెర్నెటిస్ అనుమతుల భాషలో గెట్ అంటే చూడటం, క్రియేట్ అంటే చేయడం. ఎగ్జెక్ మీద గెట్ అనుమతి ఇచ్చిన యజమాని, చూసిపోయే హక్కే కదా ఇచ్చానని చాలాకాలం నిద్రపోయేవాడు. అవతలివాడు ఆ గెట్‌తోనే షెల్ తెరిచి చేయి పెట్టేసేవాడు.

స్క్రీన్ కొలత సంగతి ఒక్క మాటలో. మీ స్క్రీన్ ఎంత వెడల్పో లోపలి టెర్మినల్‌కు తెలియదు, చెప్పడానికి వేరే కాల్ ఉంది. అది ఆలస్యమైతే ఎనభయ్యో అక్షరం దగ్గర లైను మడతపడి, టైపు చేసినదాని మీదే మళ్లీ టైపు పడి, వీఐ ఎడిటర్ ఒక మూలన ముడుచుకుంటుంది. ఆ మూలలో కూర్చుని బ్యాంకు కాన్ఫిగరేషన్ మార్చే వీరులకు నమస్కారం.

ఇక ఏ హోదాలో లోపలికి దిగుతారు? అమెజాన్ ఈసీఎస్‌లో చాలాకాలం ఇలాంటి తలుపు లేదు. జనం అడిగి అడిగి 2021 మార్చిలో పెట్టించుకున్నారు. కంటైనర్‌ను మామూలు యూజరు పేరుతో నడపమని మీరెంత జాగ్రత్తగా రాసినా, ఈ తలుపున వచ్చినవాడు సర్వాధికారి రూట్‌గానే దిగుతాడని వాళ్ల పత్రాల్లో ఉంది. కూబ్‌కటిల్ ఎగ్జెక్‌లోనేమో ఏ యూజరుగా దిగాలో ఎంచుకునే వీలే లేదు. ఒకరు అందరికీ కిరీటం పెడతారు, ఇంకొకరు టోపీ మార్చుకోనివ్వరు.

కొందరు నిజంగానే నిష్ఠాపరులు. షెల్ ఉంటే కదా దూరేది అని షెల్లే లేని ఇమేజ్‌లు కట్టారు. గూగుల్ వాటికి డిస్ట్రోలెస్ అని పేరు పెట్టింది. లోపల షెల్ లేదు, ఎల్ఎస్ లేదు, క్యాట్ లేదు. భద్రతకు మంచిదే, కాదనను. కానీ అందులో ప్రోగ్రాము మొరాయించినప్పుడు? దానికీ మార్గం చూపించారు: నడుస్తున్న పాడ్‌లోకి, అంటే కుబెర్నెటిస్ కంటైనర్లను ఉంచే గూట్లోకి, ఒళ్లంతా పనిముట్లున్న ఇంకో కంటైనర్‌ను తాత్కాలికంగా జొప్పించడం. కూబ్‌కటిల్ డీబగ్ వెనకున్న ఈ ఏర్పాటు 2022 ఆగస్టులో 1.25తో స్థిరపడింది. తలుపు లేని పెట్టె ఒక చేత్తో అమ్మి, తలుపును రెండో చేత్తో విడిగా అందిస్తున్నారు.

తలుపులు ఇన్నున్నా నాకు అభ్యంతరం లేదు. ఉన్నాయని ఒప్పుకోకపోతేనే గడియలు సరిగా పడవు. 2018 డిసెంబరు 3న కుబెర్నెటిస్ వాళ్లు ఒక కంతను ప్రకటించారు. తీవ్రత పదికి 9.8. ఎగ్జెక్, అటాచ్ లాంటి కాల్స్ మామూలు హెచ్‌టీటీపీ నుంచి నిలకడ లైనుకు మారే చోట ఉంది కంత. అవతలి సర్వరు 'కుదరదు' అన్నా, మధ్యలో ఉన్న ఏపీఐ సర్వరు లైను తెంపడం మరిచిపోయేది. తెరిచి ఉన్న ఆ లైను మీద వచ్చినవాడు తర్వాత ఏమడిగినా, అడిగేది ఏపీఐ సర్వరే అనుకుని అవతలి సర్వరు చేసిపెట్టేది. ఆ అడిగినవేవీ ఏపీఐ సర్వరు ఆడిట్ లాగ్‌లో కనిపించవని కూడా ప్రకటించారు. రెండు నెలలు తిరిగాయో లేదో, 2019 ఫిబ్రవరిలో రన్‌సీ వంతు. డాకర్‌కూ కుబెర్నెటిస్‌కూ అడుగున మామూలుగా కంటైనర్‌ను నిజంగా నడిపేది అదే. అందులో దొరికిన లోపం ఏమిటంటే, మీరు ఎగ్జెక్ చేసి లోపలికి అడుగుపెట్టే క్షణం కోసం ఒక దొంగ ప్రోగ్రాము పొంచి ఉండి, పెట్టె బయటున్న అసలు మెషీన్‌లోని రన్‌సీ ఫైలునే తిరగరాసి రూట్ అధికారం పట్టేయొచ్చు. ఎవరూ లోపలికి వెళ్లని లోకంలో అయితే ఈ దొంగ ఆకలితో చచ్చిపోవాలి కదా? చావలేదు. ప్రపంచమంతా హడావుడిగా ప్యాచ్‌లు వేసుకుంది.

ఇంతవరకూ యంత్రాల గొడవ. ఇప్పుడు పొదిలి రండి.

పొగాకు బోర్డు వేలం కేంద్రం ఉన్న ఊరు మాది. వేలం రోజుల్లో బేళ్లు దించుకుని, కొనేవాడు లేక నోబిడ్ అయితే ఎలాగరా దేవుడా అని రైతులు దిగాలుగా నిలబడే ఊరు. ఇక్కడి పొగాకు, పత్తి, మిర్చి డబ్బులతో చదివినవాళ్లు హైదరాబాద్ అమీర్‌పేటలో కోర్సులు పట్టి, కొందరు అమెరికా చేరారు, కొందరు ఇక్కడే ఉండిపోయారు. ఈ రెండు జట్లనూ కలిపే కుటీర పరిశ్రమకు జాబ్ సపోర్ట్ అని పేరు. అక్కడ ఉద్యోగం ఒకరిది, ఇక్కడ పని ఇంకొకరిది. ఎవడైనా 'సపోర్ట్ ఇస్తన్నా' అంటే రాత్రిళ్లు మేలుకుంటాడని అర్థం, 'సపోర్ట్ తీసుకుంటన్నా' అంటే పగలు నటిస్తాడని అర్థం.

ఎండాకాలపు లెక్కన డాలస్‌లో పొద్దున తొమ్మిదైతే ఇక్కడ రాత్రి ఏడున్నర. మేడ మీద గది. ఫ్యాను ఫుల్లు మీద ఉంటుంది, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంటుంది, ఇన్వర్టర్ కూడా పోతే ఫోన్ హాట్‌స్పాట్ ఉంటుంది. ఓ పెద్ద అమెరికా బ్యాంకు విపత్తు ప్రణాళికలో ఇన్ని అంచెలుంటాయో లేదో నాకు అనుమానమే. సంభాషణ దాదాపు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది:

"అన్నా, పాడ్ పైకి లేవట్లా. క్రాష్‌లూప్ అంటంది."

"కంట్రోల్ ఇచ్చెయ్ తమ్ముడూ. మౌస్ ముట్టుకోబాక."

"మేనేజర్ కెమెరా ఆన్ చెయ్యమంటన్నాడన్నా."

"చెయ్యి. ఆలోచిస్తన్నట్టు మొహం పెట్టు. నేను లోపలే ఉన్నా."

ఆ 'లోపలే ఉన్నా' అన్న మాట వినండి. ఎవరి లోపల? అమెరికాలో ఒక బ్యాంకు, దాని క్లౌడ్ ఖాతా, అందులో క్లస్టర్, క్లస్టర్‌లో పాడ్, పాడ్‌లో కంటైనర్, కంటైనర్‌లో షెల్. అక్కడ ఉన్నది పొదిలి మేడ మీది అన్న. కూబ్‌కటిల్ ఎగ్జెక్, మైనస్ ఐ, మైనస్ టీ. ఐ ఉంటే మనం టైపు చేసింది లోపలికి పోతుంది, టీ ఉంటే టెర్మినల్ తెరుచుకుంటుంది. తలుపు దగ్గర ఏపీఐ సర్వరు టోకెన్ చూసింది, బాగానే ఉంది. రోల్ చూసింది, బాగానే ఉంది. అంతకుముందే లాగిన్ దగ్గర రెండో ధ్రువీకరణ అడిగారు; డాలస్‌లో తమ్ముడి ఫోన్ మోగింది, తమ్ముడు నొక్కాడు, బ్రహ్మాండంగా ఉంది. ఆడిట్ లాగ్‌లో ఒక వరస పడింది: ఫలానా తమ్ముడు, ఫలానా పాడ్, ఫలానా సమయం, కమాండు షెల్. ఇక షెల్‌లో కూర్చుని అన్న ఏం తెరిచాడో, ఏం చదివాడో, ఏం తుడిచాడో కుబెర్నెటిస్ ఆడిట్ లాగ్‌కు తెలియదు. తలుపు దాటినట్టు రాస్తుంది గానీ ఇంట్లో ఏం జరిగిందో రాయదు. ఆ దాటినవాడి పేరు కూడా అబద్ధం.

అన్న మీద నాకు కోపం లేదు, మెచ్చుకోలూ లేదు. క్రాష్‌లూప్ ఎందుకొచ్చిందో నిజంగా తెలిసినవాడు అతనే. వీసా ఒకరికి, విద్య ఒకరికి. తమ్ముడి రెజ్యూమెలో లేని అనుభవాన్ని కన్సల్టెన్సీ చేర్చింది, లేని పనిని అన్న పూరిస్తున్నాడు. కానీ ఆ బ్యాంకులో డబ్బు దాచుకున్న ముసలమ్మకు ఈ ఒప్పందం గురించి ఎవరూ మాట చెప్పలేదు. తన ఖాతా నడిచే ప్రోగ్రాములోకి, తన బ్యాంకుకే ఎవరో తెలియని మనిషి రోజూ రాత్రి దిగి వస్తున్నాడు. అది మోసం. ఎంత ముద్దుగా సపోర్ట్ అని పిలుచుకున్నా మోసమే.

ఏపీఐ కట్టినవాళ్లు ఈ మాటకు భుజాలెగరేస్తారు. టోకెన్ సరిగా ఉందా లేదా అన్నదే మా బాధ్యత, టోకెన్ వెనక వేళ్లెవరివో మాకేం తెలుసంటారు. ఈ జవాబు మనకు కొత్తేం కాదు. భూమి రికార్డులన్నీ కంప్యూటర్లో పెట్టి, వెబ్‌ల్యాండ్ అని పేరు పెట్టి, తహసీల్దారు డిజిటల్ సంతకం పడితే గానీ అక్షరం మారదని ప్రభుత్వం చెప్పినప్పుడు రైతులు ఎంతో సంతోషించారు. సంతకం చేసే ఆ డాంగిల్ తహసీల్దారు పేరున ఉంటుంది సరే. అది రోజంతా ఎవరి సొరుగులో ఉంటుందో ఆఫీసు వరండాలో నిలబడ్డ ప్రతి రైతుకూ తెలుసు. సర్వే నంబరు పేరు మారిపోయి, రైతు నెత్తీ నోరూ కొట్టుకుంటే, సిస్టమ్‌లో అంతా పద్ధతి ప్రకారమే జరిగినట్టుందే అంటారు. నిజమే, సిస్టమ్‌లో అంతా పద్ధతి ప్రకారమే జరిగింది.

అమెరికా వాళ్లు ఈ సంగతి ఖరీదు పెట్టి నేర్చుకున్నారు. అరిజోనాలో ఒకావిడ తన ఇంటి అల్మారాల్లో వరసగా ల్యాప్‌టాప్‌లు పేర్చుకుంది. వాటిని వాడేవాళ్లు పేరుకు అమెరికన్ ఉద్యోగులు, నిజానికి ఉత్తర కొరియా ఐటీ పనివాళ్లు. దూరం నుంచి ఆ ల్యాప్‌టాప్‌లను నడిపేవాళ్లు. 300కు పైగా అమెరికా కంపెనీలు మోసపోయాయి. 2025 జూలైలో ఆమెకు 102 నెలల జైలు వేశారు. ఆ కంపెనీల లాగ్‌లలో కనిపించిందల్లా అరిజోనా చిరునామానే. మన అన్నకూ ఆ పనివాళ్లకూ పోలిక పెడితే పొదిలిలో నన్ను తిడతారని తెలుసు. ఉద్దేశంలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉంది. లాగ్‌లో మాత్రం ఏ తేడా లేదు, నా గోల అదే.

నిజం ఒప్పుకుని పని మొదలుపెట్టినవాళ్లు ఒకరిద్దరు లేకపోలేదు. బాక్స్ అనే కంపెనీ ఇంజినీర్లు 2021 చివర్లో ఒక పనిముట్టును అందరికీ ఇచ్చారు. ఎవరైనా ఒక పాడ్‌లోకి ఎగ్జెక్ చేస్తే, ఆ పాడ్ మైలపడ్డట్టు గుర్తు వేసి, కొంత గడువు పెట్టి, ఆ తర్వాత దాన్ని తీసేసి కొత్తదాన్ని దించుతుంది. గడువు పెంచమని అడిగే వీలు కూడా ఉంది. మనుషులు లోపలికి వెళ్తారు అన్న సత్యం మీద కట్టిన కట్టడం అది. వెళ్లొద్దని ఉపన్యాసం చెప్పదు. వెళ్తే వెళ్లావు, ఆ పెట్టెను మాత్రం ఇక నమ్మను అంటుంది. సిద్ధాంతాన్ని నోటితో గాక చేత్తో పాటించడం అంటే నాకు ఇదే.

మిగతావాళ్లకు నాదొక విన్నపం. కన్సోల్ కాల్‌లో పాడ్ పేరు అడుగుతున్నారు, కమాండు అడుగుతున్నారు, టెర్మినల్ కావాలా అని అడుగుతున్నారు, స్క్రీన్ వెడల్పు కూడా అడుగుతున్నారు. ఎందుకెళ్తున్నావని ఒక్కరూ అడగరు. ఆ గడి ఒకటి పెట్టండి, నింపకపోతే తలుపు తీయకండి. నింపింది లాగ్‌లో రాయండి, లోపల టైపు చేసిన ప్రతి అక్షరమూ పక్కనే పెట్టండి. మొదటి వారం జనం బుద్ధిగా కారణాలు రాస్తారు. రెండో వారం 'డీబగ్' అని రాస్తారు. నెలాఖరుకు 'ఏబీసీ' అని రాస్తారు. రాయనీయండి; పెద్ద గొడవ జరిగిన రోజున, ఏబీసీ కోసం అర్ధరాత్రి ఇరవైసార్లు లోపలికి ఎందుకెళ్లావు నాయనా అని అడగడానికైనా పనికొస్తుంది. వీలైతే దాని కింద ఇంకో గడి కూడా పెట్టండి: టైపు చేస్తున్నది మీరేనా? అవును, కాదు. 'అవును' మీద నొక్కేది పొదిలి నుంచే అనుకోండి. అయినా పెట్టండి. అబద్ధం ఎన్నింటికి నొక్కారో అదైనా లాగ్‌లో నిజంగా ఉంటుంది.